బహ్లా కొండల్లో ఒక ఇంటి కోసం

ఒమాన్‌లో ఎడారి చూశావా అని మా పాలకొల్లు నుంచి వచ్చే ప్రతి ఉత్తరంలోనూ ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. రెండేళ్లలో నేను చూసిందల్లా సీబ్ దగ్గర మా ఆసుపత్రి వార్డు, నర్సుల క్వార్టర్స్, ఆ రెంటి మధ్యా తిరిగే బస్సు కిటికీలోంచి కనబడే ఎయిర్‌పోర్టు రోడ్డు. ఇంక ఎడారి గురించి ఏం రాయను? బాగానే ఉంది, ఎండ ఎక్కువ అని రాసి ఊరుకునేదాన్ని.

ఈ చలికాలం ఆ లోటు తీరింది. నాలుగు రోజులు ఇసుకలోనూ రాళ్లలోనూ తిరిగి వచ్చాను. కాళ్ల బొబ్బలు ఇంకా మానలేదు. బూట్లు పట్టక చెప్పులతోనే డ్యూటీకి వెళ్తుంటే మా మేట్రన్ చూసీ చూడనట్టు ఊరుకుంటోంది. ఊరుకోక ఏం చేస్తుంది, పంపింది తనే కదా.

సంగతేమిటంటే, బహ్లా పైన కొండల్లో ఒక చిన్న ఊళ్లో ఆరోగ్య కేంద్రం ఉంది. దానికి నర్సు కావాలి. వెళ్లిన వాళ్లు భర్తనీ పిల్లల్నీ తెచ్చుకోవచ్చు. సీబ్‌లో ఉన్నంతకాలం నాకు ఆ భాగ్యం లేదు, ఇక్కడ గదికి ముగ్గురం నర్సులం. "నర్సు ఉండే ఇల్లు ఆ ఊరివాళ్లది" అంది మేట్రన్. "వాళ్లు ఇస్తామంటేనే కాగితాలు కదులుతాయి. ఇంతకుముందు వెళ్లిన సిస్టర్ మూడు నెలలకే తిరిగి వచ్చేసింది. నువ్వు వెళ్లి ఊరు చూడు, ఊరివాళ్లు నిన్ను చూడాలి. శనివారం పొద్దుటికల్లా నాకు మాట చెప్పాలి."

మా ఆయన పాలకొల్లులో రైసు మిల్లు గుమాస్తా. మా అమ్మాయి దీవెనకి ఎనిమిదేళ్లు. నేను వచ్చేటప్పటికి దానికి ఆరు. అది ఎంత ఎత్తు పెరిగిందో తెలియడానికి మా ఆయన ఆరునెలలకోసారి దాన్ని గోడకి నిలబెట్టి, కొలిచి, అంత పొడుగు దారం కవర్లో పెట్టి పంపుతాడు. నేను ఆ దారం తలుపుకి ఆనించి చూసుకుంటాను. అందుకే ఆ ఇల్లు నాకు కావాలి. యాత్రకి అసలు కారణం అదే, తక్కినవన్నీ దారిలో కలిసివచ్చాయి.

సిమెంటు సంచి మీద దారి

ప్లాను వెయ్యడానికి ముగ్గురం కూర్చున్నాం. నేను, మా వార్డులో సీనియర్ ఎస్తేరక్క, మల్లయ్య. మల్లయ్యది జగిత్యాల దగ్గర పల్లె. బహ్లాలో బడి కడుతున్న కంపెనీలో పికప్ డ్రైవరు. సామాన్ల కోసం సీబ్ వచ్చినప్పుడు ప్రార్థనకి వచ్చే మా వాళ్లకి ఉత్తరాలు మోసుకొచ్చేవాడు, అలా పరిచయం. తను హిందువైనా మా క్రిస్మస్ కేకు మాకంటే ఎక్కువ తింటాడు.

ఇక్కడ సిమ్లాలో లాగా టూరిస్టు బోర్డులు, పార్కుల టిక్కెట్లు లేవు. నడిచే దారులకి మ్యాపులూ లేవు. మల్లయ్య ఖాళీ సిమెంటు సంచి కాగితం చింపి, దాని మీద వడ్రంగి పెన్సిల్‌తో గీత గీశాడు.

"గిది నిజ్వా. గిది బహ్లా. బహ్లా దాంక తారు రోడ్డు, మస్తుగుంటది. ఆడికెళ్లి మీ ఊరికి బండి పోదు, మూడు గంటలు నడుసుడే" అన్నాడు.

"నడకా? నావల్ల కాదమ్మా" అంది ఎస్తేరక్క. ఆవిడది బాపట్ల, మనిషి కాస్త భారీ. అంతలోనే కాగితం కింది వైపు ఖాళీ జాగా మీద వేలు పెట్టి, "ఇక్కడేముంది?" అని అడిగింది.

"ఆడేముంటదక్కా, ఇసుక."

"ఇశ్రాయేలీయులు నలభై ఏళ్లు నడిచిన ఇసుక! అది చూపిస్తానంటే మీ కొండ కూడా ఎక్కుతాను."

అది ఆ ఎడారి కాదక్కా అంటే, ఇసుక ఇసుకే కదే అని నా నోరు మూయించింది. అలా ఒకరోజు ఇసుకకి పోయింది. మేట్రన్ ఒక ఉత్తరం రాసిచ్చింది. నేను మత్రా బజార్లో కాన్వాసు బూట్లు కొన్నాను. ఎస్తేరక్క పులిహోర కలిపి, గోంగూర పచ్చడి సీసా కట్టింది. నీళ్లు రెండు క్యాన్లు. మంగళవారం పొద్దున్నే బయల్దేరాం.

నిజ్వా

మన దగ్గర రోడ్డు పక్కన ఏదో ఒకటి పచ్చగా ఉంటుంది, చేను కాకపోతే తుమ్మ చెట్టయినా. ఇక్కడ గంటల తరబడి రాయి. నల్ల రాయి, ఎర్ర రాయి, మళ్లీ నల్ల రాయి. విసుగొచ్చి కన్ను మూసి తెరిచేసరికి సమాయిల్ దగ్గర ఖర్జూర తోటలు వచ్చాయి, అంత దట్టంగా నేను కోనసీమ కొబ్బరి తోటల్నే చూశాను. నాకు కళ్లనీళ్లు తిరిగాయి. ఎస్తేరక్క చూసి, "అప్పుడేనా? ఇంకా మొదటి రోజే" అంది.

నిజ్వాలో గుండ్రటి కోట, దాని కింద బజారు. బజార్లో ఎండబెట్టిన సొరచేప ముక్కలు వేలాడుతున్నాయి. సముద్రం ఒడ్డున ఖురియాత్ నుంచి వస్తాయట. వాసనకి మల్లయ్య ముక్కు మూసుకున్నాడు, మేమిద్దరం మాత్రం దుకాణం ముందే ఆగిపోయాం. ఎండుచేప ఎక్కడైనా ఎండుచేపే. ధర మాత్రం మన ఊరి లెక్కలో చూస్తే గుండె గుభేలుమంది, అందుకని గుప్పెడే కొన్నాం.

పక్కనే హల్వా దుకాణం. రాగి గంగాళంలో ముసలాయన గరిటె తిప్పుతూ, మా చీరలు చూడగానే బొంబాయి హిందీ ఎత్తుకున్నాడు. కుర్రతనంలో పడవ మీద బొంబాయి వెళ్లి ఆరేళ్లు ఉన్నాడట. హల్వా మన బందరు హల్వాలాగే జారుతుంది, కాకపోతే కుంకుమ పువ్వూ పన్నీరు వాసనా. ఒక ముక్క చేతిలో పెట్టాడు, దానికి డబ్బు పుచ్చుకోలేదు. ఏ ఊరికి వెళ్తున్నావని అడిగితే చెప్పాను.

గరిటె ఆగింది. "ఆ ఊళ్లో మా మేనత్త ఉండేది. మంచివాళ్లు. కానీ కోపం వస్తే అరవరు. అదే చిక్కు, నీకు తెలిసేలోపల పని అయిపోతుంది" అన్నాడు. పాత సిస్టర్ సంగతి గుర్తొచ్చి నాకు హల్వా సరిగా దిగలేదు. ఆ రాత్రి మేమిద్దరం అక్కడి ఆసుపత్రి నర్సుల గదిలో, మల్లయ్య బండిలో పడుకున్నాం.

ఇసుక

రెండోరోజు సినావ్ దాటాక రోడ్డు కరిగిపోయి ఇసుక మొదలైంది. పికప్ పావుగంట బాగానే వెళ్లింది. తర్వాత ఇరుసుల దాకా దిగబడింది. మల్లయ్య ఇంజన్ గుర్రుగుర్రుమనిపించాడు, అది ఇంకా దిగింది. పార తీశాడు, తవ్వాడు, తవ్వినంతా మళ్లీ పూడింది.

"మా సైట్ల ఇసుక గిట్ల జెయ్యదు" అన్నాడు, ఇసుక తనకేదో మాటిచ్చి తప్పినట్టు.

అంతలో మేకల్ని తోలుకుంటూ ఒక బదూ ఆవిడ, ఎడారిలో తిరుగుతూ బతికే జాతి మనిషి, వచ్చింది. ముఖానికి ముక్కు దగ్గర మొనదేలిన నల్లటి ముసుగు. మమ్మల్నీ బండినీ చూసి, మాటా పలుకూ లేకుండా చక్రం దగ్గర కూర్చుని, పుల్ల ఒకటి తీసి గాలి వదిలేసింది. మల్లయ్య లబోదిబోమన్నాడు. ఆవిడ నాలుగు చక్రాలకీ సగం సగం గాలి తీసి, ఇప్పుడు నడుపు అన్నట్టు చెయ్యి ఊపింది. బండి పిల్లిలా పాకుతూ పైకి వచ్చేసింది. అయిదేళ్లుగా బండి నడుపుతున్న మల్లయ్య ఆ సాయంత్రం దాకా మాట్లాడలేదు.

ఎస్తేరక్క బూట్లు విప్పి ఒక ఇసుక దిబ్బ ఎక్కింది. నేను పైకి వెళ్లేసరికి కూర్చుని ఏడుస్తోంది. ఏమైందక్కా అంటే, "ఏం కాలేదే. ఇక్కడ నీళ్లు లేకపోతే మనిషి ఎవరి మీద సణుక్కోడూ! ఇన్నాళ్లూ వాళ్లని తిట్టుకున్నాను" అంది. వాళ్లు అంటే ఇశ్రాయేలీయులని నాకు కాసేపటికి గానీ అర్థం కాలేదు. బదూ ఆవిడకి పులిహోర పెట్టాం. ఆవిడ ముసుగు కింద నుంచే ఒక ముద్ద తిని, కారానికి దగ్గి, ఇంకో ముద్ద అడిగింది.

బహ్లా

బహ్లా చేరేసరికి పొద్దు వాలుతోంది. ఊరి చుట్టూ మైళ్ల కొద్దీ మట్టి గోడ, మధ్యలో సగం కూలిన పెద్ద కోట. ఇక్కడ దయ్యాలు ఎక్కువని ఒమాన్ అంతా చెప్పుకుంటారు. మల్లయ్య రూమ్‌లో జగిత్యాల, నిజామాబాద్ వాళ్లు ఎనిమిదిమంది ఉన్నారు. వాళ్లకి దయ్యాల కంటే ముదీర్ భయం ఎక్కువ. ముదీర్ అంటే సైట్‌లో పెద్ద సారు. సిస్టర్లు వస్తున్నారని కోడి కోశారు, పచ్చిపులుసు చేశారు, ఉన్న ఒక్క కుర్చీ ఎస్తేరక్కకి వేశారు. గోదావరి వాళ్లం మేము పచ్చిపులుసుని పులుసుగా లెక్కపెట్టం. ఆ పూట మాత్రం నేను మూడుసార్లు వేయించుకున్నాను. తర్వాత బహ్లా ఆరోగ్య కేంద్రంలోని మలయాళీ సిస్టర్ దగ్గర మా ఇద్దరికీ పడక.

కొండ దారి

గురువారం తెల్లవారగానే నడక. ఆ ఊరికి పిండి మోసే హమూద్ అనే పెద్దాయన గాడిదతో ముందు నడిచాడు. దారి అంటే ఎండిపోయిన వాగు, దాన్ని ఇక్కడ వాదీ అంటారు. గుండ్రాళ్ల మీద చీర కుచ్చెళ్లు పైకి దోపి ఎక్కడం మొదలుపెట్టాం. గంటలోనే నా కొత్త బూట్లు మడమలు తినేశాయి. మల్లయ్య హవాయి చెప్పులతో మేకలా దూకుతున్నాడు. రెండో గంటలో ఎస్తేరక్క ఒక రాయి మీద కూర్చుని, నన్ను ఇక్కడే సమాధి చెయ్యండి అంది. హమూద్ పిండి మూట ఒకటి దించి తన భుజాన వేసుకుని, గాడిదని చూపించాడు.

"నేనా? దాని మీదా? అది చచ్చిపోదూ?" అంటూనే ఎక్కింది. ఎక్కాక దిగనంది.

పగిలిన కొండ సందులోంచి ఊరు కనబడింది. మెట్లు మెట్లుగా ఖర్జూరాలు, దానిమ్మలు, మట్టి ఇళ్లు. ఎండ నెత్తి మీదికి వచ్చింది, క్యాన్లు ఖాళీ. నా సంచిలో గోంగూర సీసా మూత ఊడి, నూనె నా పైట చెంగంతా పాకింది. అప్పుడు నీళ్ల చప్పుడు వినిపించింది.

కొండ లోపలి నుంచి సొరంగంలో తవ్వి తెచ్చిన కాలువ అది, ఫలజ్ అంటారు. రాతి నోట్లోంచి అద్దంలాంటి నీళ్లు బయటికి వస్తున్నాయి. నేను కాలువ గట్టు మీద పుట్టిన మనిషిని. నీళ్లు కనబడితే మేం ఆలోచించం. బూట్లు విప్పి మోకాళ్ల దాకా దిగిపోయాను. ముఖం కడుక్కున్నాను. నోరు పుక్కిలించి అందులోనే ఉమ్మేశాను. పనిలో పనిగా పైట చెంగు కూడా జాడించేశాను.

"అక్కా! జర ఆగు!" మల్లయ్య కేక వేశాడు. "తాగే నీళ్లు గావచ్చక్కా!" వాళ్ల దిక్కు నీళ్లకి కరువు, ఆ మనిషికి ముందే తట్టింది.

తలెత్తి చూశాను. పదిగజాల కింద, కాలువకి అరుగు కట్టిన చోట, అయిదుగురు ఆడవాళ్లు నీళ్లు పట్టుకుంటున్నారు. నా గోంగూర నూనె ఎర్రటి చారలుగా నేరుగా వాళ్ల దగ్గరికి వెళ్తోంది. ముందున్నావిడ నన్ను చూసింది, నీళ్లు చూసింది. తన నిండు బిందె ఎత్తి, నేల మీద ఒంపేసింది. ఆ వెనక ఒకరి తర్వాత ఒకరు అందరూ ఒంపేశారు. ఎవరూ అరవలేదు. నీళ్లు తేరుకునేదాకా అక్కడే గట్టు మీద కూర్చుండిపోయారు.

నేను నర్సుని. నీళ్లు కాచి తాగండి, చేతులు కడుక్కోండి అని రోజుకి పాతికమందికి చెప్పే నోటితోనే వాళ్ల నీళ్లలో ఉమ్మాను. ఇల్లు పోయిందనుకున్నాను. దాని కంటే ముందు సిగ్గుతో చచ్చిపోయాను.

కాలువ పెద్ద

మమ్మల్ని ఊరి మజ్లిస్‌కి తీసుకెళ్లారు, అంటే వచ్చిన వాళ్లని కూర్చోబెట్టే పెద్ద గది. కాలువ పెత్తనం చూసే సాలిం అనే పెద్దాయన వచ్చాడు. తెల్ల గడ్డం, నడుముకి వంకీ బాకు. మర్యాదలో లోటు చెయ్యలేదు. ఖర్జూరాలు, యాలకుల కాఫీ, తేనె పూసిన పల్చటి రొట్టె. నాకు భర్తా కూతురూ ఉన్నారని మేట్రన్ రాసిన ఉత్తరం చదివి మడతపెట్టి పక్కన పెట్టాడు. ఇంటి మాట ఎత్తలేదు. పిండివంట పెట్టి పంపేస్తారేమో అనిపించింది.

వింటే చాలావరకు అర్థమవుతుంది గానీ, నాకు మాట్లాడ వచ్చిన అరబ్బీ వార్డు అరబ్బీ. ఎక్కడ నొప్పి, ఎన్ని రోజులు, నోరు తెరువు. మల్లయ్యది సైట్ అరబ్బీ. పద, త్వరగా, రేపు, సిమెంటు. ఇద్దరిదీ కలిపి, తప్పు నాది, అన్నాను.

సాలిం నా కప్పులో మళ్లీ కాఫీ పోసి అడిగాడు. "మీ దేశంలో నీళ్లు అంత ఎక్కువా?"

"ఎక్కువే. మా ఇంటి ముందే కాలువ. అందులోనే స్నానం, అందులోనే బట్టలు, గేదెలు."

"తాగేది?"

"అదే."

"మరి జబ్బు చెయ్యదా?"

ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు ఉంది. ఇరవై ఐదేళ్లుగా ఉంది. నాకు ప్రభుదాసని ఒక తమ్ముడు ఉండేవాడు, నాలుగేళ్లవాడు. నేను నర్సునయింది వాడి వల్లే. చిన్న తమ్ముడు, అన్నాను. నీళ్లు. వాంతులు. రెండు రోజులు. చచ్చిపోయాడు. అన్నీ వార్డు మాటలే, ఒక్కదానికీ తడుముకోలేదు. వాణ్ణి చంపిన కాలువ లాంటిదాన్నే ఇక్కడా చెయ్యబోయాను కదా అని ఏడ్చాను. ఎస్తేరక్క నా వీపు నిమిరింది.

గుమ్మంలో మొదట బిందె ఒంపిన ఆవిడ నిలబడి వింటోంది. ఆమె పేరు మూజా, సాలిం కోడలు. లోపలికి వచ్చి నా చెయ్యి పట్టుకుని లేపింది.

కాలువ వెంట నడిపించింది. ఇది తాగడానికి. ఇది మసీదుకి. ఇక్కడ మగవాళ్ల స్నానం. గోడ కట్టిన ఈ చోట మన ఆడవాళ్ల స్నానం. ఇక్కడ బట్టలు. ఇక్కడ చనిపోయిన వాళ్లని కడుగుతారు. ఆ తర్వాత మిగిలిందంతా చెట్లకి. ఒక్కొక్క తోటకి ఇంత సేపని వంతు. కొన వరకూ వెళ్లాక ఆగి, నా చేత మొదటి నుంచీ అప్పజెప్పించింది. మసీదూ మగవాళ్లూ తారుమారైతే మళ్లీ మొదటి నుంచి చెప్పమంది. నేను నర్సింగ్ పరీక్షకి కూడా అంత భయపడలేదు.

"పాత సిస్టర్ ఒక్కసారి కూడా కాలువ దగ్గరికి రాలేదు" అంది మూజా. "తలుపు మూసుకునే ఉండేది. మా నీళ్లు ఏవో మేమెవరో ఆవిడకి తెలియదు. అందుకే మేమూ వెళ్లడం మానేశాం."

ఎండ తగ్గాక సాలిం ఇల్లు చూపించాడు. రెండు గదులు, మట్టి గోడలు, వాకిట్లో ఒక దానిమ్మ, వాకిలి ముందు నుంచే కాలువ. నేను గుమ్మం బయటే నిలబడ్డాను. ఇస్తామనలేదు, ఇవ్వమనలేదు. చీకటి పడేలోపల కొండ దిగాలని హమూద్ గాడిదని సిద్ధం చేశాడు. మూజా నా పైట కొంగులో దానిమ్మ పళ్లు పోసింది. ఊరి చివరి దాకా సాలిం సాగనంపడానికి వచ్చాడు. నా మనసు అప్పటికే సీబ్‌లో మేట్రన్‌కి ఏం చెప్పాలో వెతుక్కుంటోంది.

"నీ కూతురికి ఎన్నేళ్లు?" అని అడిగాడు.

"ఎనిమిది."

ఆయన కాలువ వైపు చూస్తూ గడ్డం నిమురుకున్నాడు. "ఆ వయసు పిల్లలు నీళ్లు కనబడితే ఆగరు. ఏది ఎక్కడో బయల్దేరే ముందే చెప్పి తీసుకురా" అన్నాడు.

తల ఊపి నాలుగడుగులు వేశాను. మల్లయ్య నా ముందుకి దూకి దారికి అడ్డం నిలబడ్డాడు. "ఏందక్కా గట్ల పోతున్నవ్? ఇల్లిచ్చిండు!"

వెనక్కి తిరిగి చూస్తే సాలిం అప్పటికే ఊళ్లోకి వెళ్లిపోతున్నాడు. ఎస్తేరక్క గాడిద మీద నుంచే స్తోత్రం అని అరిచింది, అది కొండంతా వినబడింది.

శనివారం దాకా ఆగలేకపోయాను. శుక్రవారం పొద్దున్న బహ్లాలోనే, మల్లయ్య ట్రంకు పెట్టె మీద కాగితం పెట్టుకుని మా అమ్మాయికి ఉత్తరం రాశాను. క్షేమ సమాచారాలు తర్వాత రాయొచ్చు. దీవెనా, ఇక్కడ మన కొత్త ఇంటి ముందు కాలువ ఉంది, అందులో కాళ్లు పెట్టకూడదు, అని మొదలుపెట్టాను.